మా మెంబరు ఢిల్లీలో ఏమడిగాడు?

సావనీరుకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన యూనియన్ కార్యదర్శి అడుగుతూ "రాజకీయాలు మాత్రం వద్దన్నా" అని ఒక షరతు పెట్టాడు. విద్యార్థి సంఘం సంచికలో రాజకీయాలు వద్దనడం పెళ్లి భోజనంలో పప్పు వద్దనడం లాంటిది. అయినా మాట ఇచ్చాను కాబట్టి ఏ పార్టీ జోలికీ పోను. నేను రాయదలచినది ఒకే ఒక ప్రశ్నను గురించి. ఆ ప్రశ్న పై శీర్షికలోనే ఉన్నది.

ఈ మధ్య ఒకరోజు రాత్రి మెస్సులో మా బల్ల దగ్గర కూర్చున్న వారందరినీ అడిగాను: మీ పార్లమెంటు సభ్యుడు ఎవరు? అందరూ టక్కున చెప్పారు. ఆయన ఏ పార్టీలో మొదలై ఏ పార్టీకి వచ్చాడో, ఏ కులమో, ఎన్ని కార్లున్నాయో, కొడుకు పెళ్లి ఎక్కడ చేశాడో కూడా చెప్పారు. సరే, ఆయన లోక్‌సభలో మన ప్రాంతం గురించి అడిగిన ప్రశ్న ఒక్కటి చెప్పండి అన్నాను. మజ్జిగ గ్లాసులు కింద పెట్టి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎం.ఏ. రాజనీతిశాస్త్రం చదువుతున్న వాళ్లు ముగ్గురున్నారు ఆ బల్ల మీద, నాతో కలిపి. నిజం చెప్పొద్దూ, పోయిన సంవత్సరం వరకు నాకూ తెలియదు.

ఇది ఎందుకు నన్ను ఇంతగా పట్టుకున్నదో చెప్పాలంటే మా నాయనమ్మను గురించి చెప్పాలి.

మాది మర్రిగూడ మండలం. నల్లగొండ జిల్లా అనగానే చదువుకున్న వాళ్లకు రెండు విషయాలు జ్ఞాపకం వస్తాయి. ఒకటి సాయుధ పోరాటం, రెండు ఫ్లోరైడు నీళ్లు. మా నాయనమ్మ నడుము ముందుకు వంగి అట్లాగే బిగిసిపోయింది. ఎదుటి మనిషి మొహం చూడాలంటే మెడ ఒక్కటీ తిప్పడం రాదు, మొత్తం మనిషి పక్కకు తిరగాలి. మోకాళ్లు మడవరావు. మా నాన్న తరం వాళ్ల పళ్లు చూస్తే గార పట్టి ఉంటాయి. నవ్వేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టుకునే అలవాటు మా ఊళ్లో చాలామందికి ఉన్నది. బయటివాళ్లు దాన్ని సిగ్గు అనుకుంటారు.

ఈ జబ్బు నిన్న మొన్నటిది కాదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్లగొండ జిల్లాలో 1945లో, అంటే నిజాం కాలంలోనే గుర్తించారు. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించి ఫ్లోరైడు ఉండకూడదని లెక్క. మా పక్క ఊళ్ల బోర్లలో అంతకు ఎన్నోరెట్లు ఉండేది. 1970వ దశకంలో నాగపూరు పర్యావరణ పరిశోధనా సంస్థ వారు పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తీసే పద్ధతి ఒకటి తయారుచేసి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దేశాల దాకా పోయింది. మా బావి మాత్రం మా బావిలాగే ఉండిపోయింది.

మరి ఇన్నేళ్లు మా తరఫున ఢిల్లీకి ఎవరూ పోలేదా? పోకేం, పోయారు. అల్లాటప్పా మనుషులు కూడా కాదు. 1952 తొలి ఎన్నికలలో నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డి గారు గెలిచినప్పుడు ఆయనకు వచ్చిన ఓట్లు నెహ్రూ గారికి వచ్చిన వాటికంటె ఎక్కువ. ఆ తరువాత ఎందరో వెళ్లారు. వారెవరూ మా నీళ్ల సంగతి ఎత్తలేదని నేననను. ఎత్తినవారున్నారు. సభలో ఎత్తిన మాట మా ఊరి బావి దాకా ఎందుకు రాలేదన్నదే నన్ను తొలిచే విషయం.

ఇక 1996 ఎన్నికల సంగతికి వస్తాను. ఈ కథ మా ఇంట్లో నేను పుట్టకముందు నుంచీ చెప్పుకుంటున్నదే. ఆ సంవత్సరం లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. తప్పు చదవలేదు, నాలుగువందల ఎనభై. వారిలో అత్యధికులు గెలవడానికి నిలబడలేదు. జలసాధన సమితి పిలుపునందుకొని, మా నీళ్ల గోస దేశానికి తెలియాలని నామినేషన్లు వేశారు. అప్పట్లో డిపాజిటు అయిదు వందలు. మా పెద్దతాత కూడా వేశాడు. అయిదు వందలు ఆయన దగ్గర ఎక్కడివి? వాడకట్టులో తలా పదీ ఇరవై వేసుకుని కట్టారట. బ్యాలెట్ కాగితం ఒక పుస్తకమైపోయింది. అంత బ్యాలెట్ అచ్చు వేయించలేక పోలింగు వాయిదా వేయవలసి వచ్చింది. చివరకు ఓటు వేసే రోజున మా నాయనమ్మ ఆ పుస్తకం తిప్పీ తిప్పీ మా పెద్దతాత గుర్తు దొరకక, వెనకవాళ్లు కేకలేస్తుంటే ఏదో ఒక గుర్తు మీద ముద్ర గుద్ది వచ్చేసింది. "సొంత బావకే ఓటెయ్యలేకపోతి" అని ఇప్పటికీ అంటుంది. ఆయనకు మా ఇంటి ఓట్లన్నీ కూడా పడలేదట.

ఆ ఎన్నికలో కమ్యూనిస్టు పార్టీ నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గారు గెలిచారు. 1991లో కూడా ఆయనే గెలిచారు. పెద్దమనిషి, స్వాతంత్ర్య పోరాటం నుండి వచ్చినవాడు. ఆయన మీద కోపంతో జరిగిన పోటీ కాదది. 480 మంది వేసిన ఆ నామినేషన్లు నాకు 480 ప్రశ్నలలాగా కనబడుతాయి. సభలో అడిగితే వినబడడం లేదు కాబట్టి బ్యాలెట్ పేపరు మీద అడిగారు.

మరి జవాబు వచ్చిందా? వచ్చింది మిత్రులారా, చాలా త్వరగా వచ్చింది. అదే 1996లో, వేసవి ఎన్నికలు అయిపోయి వర్షాకాలం ముగియకముందే ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించారు. లోక్‌సభకు డిపాజిటు అయిదు వందల నుండి పది వేలకు పెంచారు. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి రెండు వందల యాభై నుండి అయిదు వేలు చేశారు. స్వతంత్ర అభ్యర్థికి ఒక్కడు కాదు, పదిమంది ఓటర్లు ప్రతిపాదకులుగా సంతకం పెట్టాలన్నారు. ఒక్క మా జిల్లా వల్లనే అట్లా చేశారని అనలేను. ఆ ఏడే తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీ స్థానానికి వెయ్యిమందికి పైగా పోటీ చేశారు. అయినా ఒక సంగతి చూడండి. పొడుగాటి బ్యాలెట్ పేపరు అనే సమస్యను పరిష్కరించడానికి ప్రభుత్వానికి నెలలు చాలాయి. ఆ పేపరు ఎందుకంత పొడుగైందో ఆ సమస్యకు ఏళ్లు పట్టింది. కృష్ణా నీళ్లు పైపుల్లో మా ఊరి నల్లాల దాకా వచ్చేసరికి మా పెద్దతాత లేడు.

ఇప్పుడు పార్లమెంటులో ఒక సభ్యుడు తన ప్రాంతం మాట ఎట్లా ఎత్తగలడో చూద్దాం. సిలబస్సులో నాలుగు లైన్లు ఉన్నాయి గాని, పరీక్ష రాసి మరచిపోయే పద్ధతిలో ఉన్నాయి. సభ మొదలైన తొలి గంట ప్రశ్నలది. రోజుకు నక్షత్రం గుర్తు ప్రశ్నలు ఇరవై, వాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి, సభ్యుడు ఉపప్రశ్న వేయవచ్చు. గుర్తులేని ప్రశ్నలు 230, వాటికి కాగితం మీద జవాబిస్తారు. ప్రశ్న కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. ఎవరి ప్రశ్న తగులుతుందో చీట్లు తీసినట్టు తీస్తారు. ఇరవైలో పట్టుమని అయిదారు ప్రశ్నలకు మించి నోటి జవాబు దాకా రావు. ఆ పైన జీరో అవర్. ఇది నిబంధనల పుస్తకంలో లేదు, వాడుకలో వచ్చింది. సభ్యుడు లేచి రెండు మూడు నిముషాలు మాట్లాడి కూర్చుంటాడు. మంత్రి జవాబివ్వాలన్న నియమం లేదు. మన పత్రికలలో "సభలో గళమెత్తిన ఎంపీ" అని ఫొటోతో పడేది ఎక్కువగా ఇదే. 377వ నిబంధన కింద చదివి వినిపించే విషయాలు కూడా ఉన్నాయి. తెలుగులో మాట్లాడవచ్చు, ముందుగా చెబితే అనువాదం చేస్తారు. ఈ మాట ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే, ఇంగ్లీషు రాక మా వాడు మాట్లాడలేదు అని సానుభూతి చూపేవారు మన కాలేజీలోనే ఉన్నారు.

ఇందులో నాకు అన్నిటికంటె విలువైనదిగా తోచేది, ఎవరూ ఫొటో తీయని ఆ గుర్తులేని ప్రశ్నే. ఎందుకంటే దాని జవాబు కాగితం. మంత్రి సంతకానికి బరువున్నది, సభకు అబద్ధం చెబితే హక్కుల ఉల్లంఘన అవుతుంది. పైగా "పరిశీలనలో ఉన్నది" అని మంత్రి అంటే మనం నవ్వుతాం గాని, ఆ మాటను లోక్‌సభ ఒక హామీ కింద లెక్క కడుతుంది. ప్రభుత్వ హామీల సంఘం అని ఒకటి 1953 నుండీ ఉన్నది. మూడు నెలలలో ఆ హామీ తీర్చాలి, లేదా ఎందుకు తీరలేదో చెప్పి గడువు అడగాలి. ఈ దారి తెలిసిన ఓటరు మా మండలంలో ఒక్కడైనా ఉన్నాడా అని నా అనుమానం.

కాగితానికి విలువ ఉన్నది కాబట్టే కాగితంతో ప్రమాదం కూడా ఉన్నది. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు ఒక లెక్క చెప్పింది. 2015 ఏప్రిల్ నాటికి తెలంగాణలో ఫ్లోరైడు బాధిత ఆవాసాలు 967 ఉండేవి, 2020 ఆగస్టు నాటికి ఒక్కటీ లేదు. సున్నా. పేపర్లలో పెద్ద అక్షరాలతో వచ్చింది. నేను ఆ లెక్క అబద్ధమనడం లేదు. మిషన్ భగీరథ నీళ్లు మా ఇంటికి వచ్చాయి, మా చెల్లెలి పళ్లు తెల్లగా ఉన్నాయి, అది నా కళ్లతో చూసిన నిజం. ఆ పని చేసినవారికి దండం పెడతాను. కాని 'బాధిత ఆవాసం' అంటే వారి భాషలో అర్థం ఏమిటి? మంచినీరు అందని ఆవాసం. మంచినీరు అందగానే ఆ ఊరు జాబితాలో నుంచి పోతుంది. మా నాయనమ్మ నడుము ఆ జాబితాలో ఎప్పుడూ లేదు కాబట్టి అందులోంచి పోయే ప్రశ్నే లేదు. ఒకసారి ఎముకలకు పట్టిన జబ్బును ఏ నల్లా నీళ్లూ వెనక్కి తీయలేవు. పొలంలో బోరు నీళ్లు మారలేదు, కూలికి పోయినవాళ్లు మధ్యాహ్నం దాహమైతే అవే తాగుతారు.

ఆ సున్నా విన్న వెంటనే ఎవరైనా సభ్యుడు లేచి, "అయ్యా, ఊళ్లు సరే, మనుషులు ఎందరు?" అని అడగవలసింది. అడగడానికి వీలు లేకపోయింది కూడా. ఆ వర్షాకాల సమావేశాలలో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల గంటనే తీసేశారు. కాగితం జవాబులు మాత్రం వచ్చాయి. సరే, ఆ సెషన్ పోయింది. తరువాత ఎన్ని సెషన్లు రాలేదు? మన వైపు నుండి ఈ ప్రశ్న రాసి పంపినవారు ఎవరు?

ఇక్కడ తప్పు అంతా సభ్యులదే అనడానికి నాకు మనసొప్పదు. ఆ మధ్య మిత్రుని అక్క బదిలీ పని మీద అతనికి తోడుగా వేరే జిల్లాలో ఒక ఎంపీ గారి క్యాంపు ఆఫీసుకు వెళ్లాను. ఉదయం ఏడు గంటలకే వరండా నిండిపోయింది. తిరుపతి దర్శనానికి ఉత్తరం కావలసినవాళ్లు, రైలు టిక్కెట్టు వెయిటింగులో ఉన్నవాళ్లు, ఆసుపత్రి బిల్లుకు సిఫార్సు కావలసినవాళ్లు, గుడికి కల్యాణమండపం అడిగేవాళ్లు, పెళ్లి పత్రిక ఇచ్చి తప్పకుండా రావాలని ఒట్టు పెట్టించుకునేవాళ్లు. కేంద్రీయ విద్యాలయంలో ఒక సీటు అని ఒకాయన చాలాసేపు బతిమాలాడు. ఆ ఎంపీల కోటాను 2022లోనే రద్దు చేశారని పి.ఎ. ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పి.ఎ. లెటర్‌హెడ్డు కాగితాలు ఒక దస్తా పక్కన పెట్టుకుని ముద్ర మీద ముద్ర కొడుతున్నాడు. పదకొండు వరకూ ఉన్నాను. సభలో ఫలానా ప్రశ్న వేయండి అని ఒక్కరూ ఒక్క కాగితం ఇవ్వలేదు. మేము కూడా బదిలీ కాగితమే ఇచ్చాం. ఏం చేస్తాం, అక్క భర్త ఒక ఊళ్లో, అక్క ఒక ఊళ్లో.

చట్టాలు చేయడానికి పంపిన మనిషిని మనమే ఉత్తరాలు రాసే గుమాస్తాగా మార్చుకున్నాం. 1993లో ఎంపీల నిధులు అని మొదలుపెట్టాక, అది ఇప్పుడు ఏడాదికి అయిదు కోట్లకు చేరాక, ఆయన కమ్యూనిటీ హాళ్ల కాంట్రాక్టరు కూడా అయ్యాడు. శిలాఫలకం కనబడుతుంది, ఫొటో పడుతుంది. గుర్తులేని ప్రశ్నకు శిలాఫలకం ఉండదు కదా!

మా లెక్చరరు గారితో ఈ మాట అంటే ఆయన బర్క్ మహాశయుణ్ని తీశారు. 1774లో బ్రిస్టల్ ఓటర్లతో ఆయన, నేను దేశం మొత్తానికి ప్రతినిధిని, మీరు చెప్పినదల్లా మోసే వకీలును కాను, నా వివేకం ప్రకారం నడుచుకుంటాను అనే అర్థం వచ్చేలా చెప్పాడు. గొప్ప మాటే. పార్లమెంటు సభ్యుడు ఊరి మురుగుకాల్వ గురించి కాక దేశం గురించి ఆలోచించాలి అని మన మేధావులు చాలామంది వాదిస్తారు. నీళ్లు రాష్ట్ర జాబితాలోని విషయం, ఢిల్లీలో అడిగి ఏం లాభం అని కూడా అంటారు. నా మనవి ఏమంటే, పదుల రాష్ట్రాలలో లక్షలాది మంది ఎముకలను వంచిన జబ్బు ఒక ఊరి మురుగుకాల్వ కాదు. దానికి 2008-09లో కేంద్రమే ఒక జాతీయ కార్యక్రమం పెట్టింది. మా నాయనమ్మ నడుము చూసి నలుగురి గురించి ఆలోచించగలవాడే దేశం గురించి ఆలోచించగలడు. అన్నట్టు, బర్క్ మహాశయుడు 1780లో బ్రిస్టల్‌లో గెలవలేనని తెలిసి పోటీ నుండి తప్పుకున్నాడు. ఈ సంగతి మా నోట్సులో లేదు.

1996 నాటి పద్ధతి పాతబడిందనుకుంటే పొరపాటు. 2019లో నిజామాబాదులో మళ్లీ అదే జరిగింది. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు నామినేషన్లు వేసి నిలిచారు, మొత్తం 185 మంది అభ్యర్థులు. డిపాజిటు అప్పటికి పాతిక వేలు! అయినా కట్టారు. ఒక్కొక్క పోలింగు కేంద్రంలో పన్నెండేసి బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టవలసి వచ్చింది. ఆ బోర్డు ప్రకటన 2023 అక్టోబరులో వచ్చింది, 2025 సంక్రాంతి నాడు నిజామాబాదులో ప్రారంభమైంది. దానివల్ల పసుపు ధర ఏమవుతుందో ఆ రైతులే చెప్పాలి, నేను చెప్పలేను. ఒకటి మాత్రం గమనించాను. వాళ్లు ఓట్లు వేసి ఇళ్లకు పోయి పడుకోలేదు. గెలిచినవాడిని ప్రతి సెషన్‌కూ, ఇచ్చిన మాట ఏమైందని నిలదీస్తూ వచ్చారు. మా వాళ్లు 1996 తరువాత అట్లా చేశారా? కొందరు చేశారు, పాదయాత్రలు చేశారు, ఢిల్లీ దాకా పోయారు. మిగిలిన మేము, బ్యాలెట్ పుస్తకం కథ చెప్పుకుని నవ్వుకున్నాం.

2009 నుండి మా మునుగోడు ప్రాంతం భువనగిరి లోక్‌సభ స్థానంలోకి పోయింది. మా ఊళ్లో సగం మందికి ఇప్పటికీ తాము నల్లగొండ ఎంపీ ఓటర్లమనే భ్రమ. అర్జీ ఎవరికివ్వాలో తెలియనిదే ఏమడిగాడో ఏం తెలుస్తుంది?

పోయిన దసరా సెలవుల్లో మేము నలుగురం కలిసి మా ఊళ్లోను, చుట్టుపక్కల రెండు ఊళ్లలోను ఇల్లిల్లూ తిరిగి, నడుము వంగినవాళ్లు, కాళ్లు వంకరపోయినవాళ్లు ఎవరెవరో పేర్లు రాశాం. సదరం సర్టిఫికెట్ ఉన్నదా, ఎంత శాతం వేశారు, పింఛను వస్తున్నదా అని కూడా రాశాం. కొందరు మమ్మల్ని పింఛను ఆఫీసు వాళ్లనుకుని, కాళ్లు ఇంకా కొంచెం వంచి చూపించారు. దానికి నవ్వాలో ఏడవాలో మాకు తెలియలేదు. ఆ పేర్లతో పాటు మూడు ప్రశ్నలు రాసి, మా సభ్యుని కార్యాలయంలో ఇచ్చి రశీదు తీసుకున్నాం. మా జిల్లాలలో ఎముకల ఫ్లోరోసిస్ ఉన్న మనుషులను చివరిసారి ఎప్పుడు లెక్కపెట్టారు, ఎందరు? 2020లో జాబితా నుండి తీసేసిన మా ఊళ్ల నీటిని ఎవరు, ఏ తేదీన పరీక్షించారు? జాతీయ కార్యక్రమం కింద మా వాళ్ల ఆపరేషన్లకు, చికిత్సకు ఇంతవరకు ఎంత ఖర్చుపెట్టారు? సర్టిఫికెట్లు, ఉత్తరాలు ఏమీ అడగలేదు. అక్కడున్న కుర్రవాడు కాగితం రెండుసార్లు తిరగేసి, "ఇంతేనా? పని ఏం లేదా?" అన్నాడు.

ఇంటికి పోయి చెబితే నాయనమ్మ అంతా విన్నది. మొత్తం మనిషి నా వైపు తిరిగి, "గా జవాబు తెలుగుల వస్తదా, ఇంగిలీషుల వస్తదా?" అన్నది.

ఇంగ్లీషులోనో హిందీలోనో వస్తుందన్నాను.

"అయితే నువ్వే సదివి జెప్పాలె. అచ్చినంక ఊర్కెనే ఫోన్ల జెప్పకు, సెలవు పెట్టుకొని రా."